పంపకానికి రాని బాతు

ప్రమాది సంవత్సరం, కార్తీక బహుళ విదియ

ఇవాళ వేరుపడ్డాం.

పొద్దున్నే కులపెద్ద వెంకటన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా బావ ఎల్లన్న ఒక పక్క, మా ఆయన కురుమయ్య ఒక పక్క. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఏం చెప్పినా వెంకటన్న తలపాగాకే చెప్పారు.

ఇంతకూ గొడవ చీర అంచు గురించి. నూలు అమ్మేవాడి ముందు బావ, "ఎడమ అంచు వంకర పోతుంది, మావోడు నిద్రపోతనే నేస్తడు" అన్నాడట. మా ఆయన పోగును అటూ ఇటూ నడిపే నాడె పడేసి మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. మళ్ళీ దిగలేదు. మా గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. కుడి అంచు దగ్గర ఒకరు, ఎడమ అంచు దగ్గర ఒకరు కూర్చుంటేనే నేత సాగుతుంది. ఇప్పుడు పెద్ద మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. ఈయన తన గదిలో తువ్వాళ్ళు నేస్తాడట, ఆయన తన గదిలో పంచెలు నేస్తాడట.

గిన్నెలు పంచారు. గదులు పంచారు. పెరడుకు అడ్డంగా కంప వేశారు, బావి మాత్రం ఇద్దరికీ అందేలా మధ్యలో వదిలారు. కోళ్ళను పంచి, మా కోళ్ళ కాళ్ళకు ఎర్ర పట్టుపోగు, వాళ్ళ కోళ్ళకు పసుపు పోగు కట్టారు. నీటిబాతులకూ అంతే. చివరికి మిగిలింది జమాదారు.

జమాదారు అంటే అత్తమ్మ పెంచిన సీమబాతు. పక్కింటి ఖాజా మియా ఏ సంత నుంచో తెచ్చి పిల్లగా ఉన్నప్పుడు ఇచ్చాడు, పోలీసు జమాదారులా నడుస్తుందని ఆ పేరూ ఆయనే పెట్టాడు. తెల్లగా ఉంటుంది. మెడ ఎత్తితే నా నడుము దాకా వస్తుంది. అత్తమ్మ పోయేముందు "నా బాతును కొయ్యొద్దు, అమ్మొద్దు" అని కొడుకులిద్దరి చేత ఒట్టు వేయించుకుంది. తన మగ్గం గురించి, ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

వెంకటన్న చాలాసేపు ఆలోచించి, "నడుమ ఇడుద్దాం. ఎవల దిక్కు పోయి నిలవడితె వాళ్ళది" అన్నాడు. వదిలారు. అది అటూ పోలేదు, ఇటూ పోలేదు. నేరుగా వెంకటన్న దగ్గరికి పోయి తొడ పట్టుకుంది. ఆయన వీధిలోకి పోయాక అక్కడి నుంచి, "బాతు ముచ్చట మల్ల చూద్దాం!" అని అరిచాడు.

మా ఆయన నాతో, "ఆ దిక్కు మనుషులతోని మాట్లాడినవంటె నాతోని మాట్లాడకు" అన్నాడు. బావ కూడా అక్కతో అదే అని ఉంటాడు. అక్క అంటే మా తోడికోడలు రామేశ్వరమ్మ.

నాకు సంతోషంగానే ఉంది. నా పొయ్యి నాకుంది. ఉప్పు తక్కువైందనే వాళ్ళు లేరు. అక్క వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూసినప్పుడు ఆమె కూడా చూడడం లేదు.

కార్తీక బహుళ పంచమి

జమాదారు కంపను తన కోసమే వేశారనుకుంటోంది. దాని వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది, తిరుగుతుంది, మళ్ళీ నడుస్తుంది. మా వాళ్ళు దగ్గరికి పోతే మా వాళ్ళను, వాళ్ళ వాళ్ళు పోతే వాళ్ళను కరుస్తోంది.

ఇవాళ మా ఆయన పిక్క పట్టి గుంజింది. కంప అవతల బావ పకపకా నవ్వాడు. "మనుషుల మీదికి ఉసిగొల్పుతుండు" అని మా ఆయన రోజంతా గొణిగాడు. సాయంత్రం బావ మోచేతిని పట్టుకుంది. అప్పుడు ఈయన నవ్వాడు. బావ కూడా అదే మాట గొణిగాడు.

నన్ను కరవదు. నేను దాని మనసు కనిపెట్టి మసలుకుంటాను, అందుకు.

కార్తీక బహుళ అష్టమి

కోళ్ళకు జొన్నలు వేస్తే జమాదారు వచ్చి తరుముతోంది. దానికి వేరే తొట్టి పెట్టి, గరిక కోసి వేశాను. దాని తొట్టి దానికి కావాలి, వాటి తొట్టి కూడా దానికే కావాలి. ముందు కోళ్ళను గంప కింద మూసి మేత వేసి, తర్వాత నీటిబాతులకు తవుడు కలిపి, ఆఖరున దాన్ని పిలుస్తున్నాను. పిలవకముందే వస్తోంది.

ఖాజా మియాను పిలిపించి అడిగాం. ఆయన పెరట్లో నిలబడి పాఠం చెప్పాడు.

"ఉరకొద్దు బేటీ. నువ్వు ఉరికితె వాడు జమాదార్, నువ్వు చోర్. చేతులు గిట్ల చాపు, జర పెద్దగ కనపడు. ఎనక్కి మాత్రం తిరగొద్దు. దగ్గరికొస్తె మెడ మొదట్ల పట్టి, రెక్కలు నొక్కి సంకల పెట్టుకో. గంతే!"

చెప్పి, ఇంటికి పోదామని వెనక్కి తిరిగాడు. పాపం.

కార్తీక బహుళ నవమి

మా ఆయన పెరట్లో పంచె కొసలు రెండు చేతులా పట్టుకుని, చేతులు చాపి, పెద్దగా కనపడడం నేర్చుకుంటున్నాడు. కంప అవతల బావ దుప్పటితో అదే పని చేస్తున్నాడు. మధ్యలో జమాదారు గరిక తింటోంది.

కార్తీక బహుళ దశమి

నేను నవ్వలేదు. పొయ్యిలో పచ్చి కట్టెలు పెట్టాను, పొగకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవతల అక్కకు కూడా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాళ్ళ పొయ్యి ఇంకా వెలగనే లేదు.

మార్గశిర శుద్ధ తదియ

ఇవాళ బావి దగ్గర అక్క, నేను ఒకేసారి చేరాం. ఆమె చేద వేస్తోంది, నేను బిందె పట్టుకుని నిలబడ్డాను. జమాదారు మా మధ్యకు వచ్చింది. అక్క దాని మొహం చూస్తూ అంది:

"ఏం జమాదారూ, నిన్న మాడిన వాసనొచ్చిందేంది? తాలింపు పెట్టేటప్పుడు మూకుడు దించాలె అని ఎవలన్న చెప్పరా ఆ పిల్లకు?"

నాకు మండింది. నేను కూడా బాతుకే చెప్పాను. "జమాదారూ, మా ఇంట్ల మాడితె మేం తింటం. పక్కోళ్ళ ముక్కుకేం పరేషాన్?"

"జమాదారూ, చిన్నప్పటి సంది ఆ పిల్లకు చేసి పెట్టినోళ్ళ ముక్కు, ఊకుంటదా?"

"చేసి పెట్టుమన్నదెవరు, జమాదారూ?"

బాతు ఇద్దరి వైపూ మెడ తిప్పి తిప్పి చివరికి విసుగుపుట్టి వెళ్ళిపోయింది. అది లేకుండా మాట్లాడితే మాట తప్పినట్లవుతుంది. ఇద్దరం నీళ్ళు తోడుకుని వచ్చేశాం.

నేను ఎవరితోనూ మాట్లాడలేదు. బాతుతో మాట్లాడొద్దని మా ఆయన అనలేదు.

మార్గశిర శుద్ధ పంచమి

మూకుడు దించి తాలింపు పెట్టాను. మాడలేదు. ఊరికే పెట్టి చూశానంతే.

మార్గశిర శుద్ధ అష్టమి

జమాదారు కోళ్ళ కాళ్ళకు కట్టిన పట్టుపోగులన్నీ పీకేసింది. ఏ కోడి ఎవరిదో తెలియడం లేదు. నల్లపెట్ట మాదని మా ఆయన, వాళ్ళదని బావ. ఇద్దరూ వెంకటన్నకు కబురు చేశారు. బాతును గదిలో వేసి తలుపు పెడితేనే వస్తానని వెంకటన్న కబురు పంపాడు. దాన్ని గదిలో వేసేదెవరు?

మార్గశిర శుద్ధ ద్వాదశి

అమ్మొద్దని ఒట్టు గాని, మేపుకొమ్మని ఇవ్వడం అమ్మడం కాదు కదా. మా ఆయనకు ఇవాళ ఈ ఉపాయం తట్టింది. విచిత్రం ఏమిటంటే, గుడ్లు అమ్మే గౌస్ పాషాను ఈయన ఇటు నుంచి అడిగి పంపగానే అటు నుంచి బావ కూడా అదే అడిగాడట. ఇద్దరి మాటా ఒకటైందని తెలియక ఇద్దరూ గెలిచినట్లు తిరుగుతున్నారు. గౌస్ పాషా జమాదారును పెద్ద గంపలో పెట్టి ఇటిక్యాలకు, వాళ్ళ బావమరిది ఇంటికి తీసుకుపోయాడు.

పెరడు హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది.

మార్గశిర శుద్ధ త్రయోదశి

బావి దగ్గర అక్క ఎదురైంది. ఆమె చేద చూసుకుంది. నేను బిందె చూసుకున్నాను.

మార్గశిర పౌర్ణమి

గౌస్ పాషా తిరిగొచ్చాడు. చొక్కాకు ఒక చెయ్యి లేదు.

"మా బామ్మర్ది తన ఇంట్లకు తాను పోలేక చెట్టు కింద పండుతుండమ్మా. వాని పెండ్లాం లోపట్నే ఉండిపోయింది, కిటికీలకెళ్ళి ఏడుస్తుంది. మీ ఆస్తి మీరె ఉంచుకోండ్రి."

గంప దించి, మూత తీయకుండానే పోయాడు. మూత నేను తీశాను. జమాదారు బయటకు వచ్చి, రెక్కలు దులుపుకుని, సరాసరి కంప దగ్గరికి పోయి నడక మొదలుపెట్టింది. అక్క అవతల నుంచి చెంగు అడ్డం పెట్టుకుని, "వచ్చినవా నాయనా" అంది. అది ఎవరితో అందో తెలియదు. బాతుతోనే అయి ఉంటుంది.

మార్గశిర బహుళ చవితి

ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్ళుగా తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పాను, ఆయన సంతోషం పట్టలేక తువ్వాలు మధ్యలో వంకర నేశాడు. కాని అక్కకు ఎలా చెప్పడం? ఆమె కడుపు రెండుసార్లు నిలవలేదు. రెండోసారి ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. ఇప్పుడు మధ్యలో కంప ఉంది.

ఇవాళ బావి దగ్గర బాతు ఉంది, ఆమె ఉంది. నేను బాతు వైపే చూస్తూ చెప్పాను.

"జమాదారూ, నాకు నెల తప్పింది."

అక్క చేతిలో తాడు ఆగిపోయింది. చేద బావిలో సగంలోనే ఊగుతోంది. తాడు అలాగే పట్టుకుని ఆమె బాతు దగ్గర కూర్చుంది. అది కరుస్తుందని కూడా చూసుకోలేదు. అది కరవలేదు.

"జమాదారూ," అంది, "నిండు బిందె ఎత్తొద్దని చెప్పు దానికి. పొద్దుగాల ఖాళీ కడుపున ఉండొద్దని చెప్పు. మొండిది, ఇనదు. నువ్వన్న చెప్పు."

"ఇంటదని చెప్పు జమాదారూ" అన్నాను.

మార్గశిర బహుళ పంచమి

పొద్దున లేచేసరికి మా వైపు గడప దగ్గర రెండు నిండు బిందెలున్నాయి. పక్కన జమాదారు కాపలా. మా ఆయన, "ఇవి యాడివి?" అన్నాడు. "జమాదారు తోడిండు" అన్నాను. ఆయన బిందెలు లోపలికి మోసుకుపోయాడు.

పుష్య శుద్ధ సప్తమి

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

వనపర్తి నుంచి శాంతయ్య వచ్చాడు. మా చీరలు ఎప్పటి నుంచో కొనే పెద్దమనిషి. మేం వేరుపడ్డామని ఆయనకు తెలియదు. నేరుగా లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి పోయాడు. నేను "అయ్యో" అనేలోపే కేక వినబడింది.

పోయి చూస్తే శాంతయ్య బట్టలుతికే బండ ఎక్కి నిలబడ్డాడు. ఒక చెప్పు బావిలో పడింది. ధోవతి కొంగు జమాదారు నోట్లో ఉంది, అది బండ చుట్టూ తిరుగుతోంది.

"కురుమయ్యా! ఎల్లన్నా! సచ్చిపోత, రాండ్రి!"

అన్నదమ్ములిద్దరూ చెరొక తలుపులోంచి పరుగెత్తుకొచ్చారు. ఇద్దరూ ఒకేసారి చేతులు చాపారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు కదా. బావ బాతు వైపు చూసి, "జమాదారూ, కుడి దిక్కు నేనొస్తున్న!" అన్నాడు. మా ఆయన, "జమాదారూ, ఎడమ దిక్కు నేను చూసుకుంట!" అన్నాడు. ఒక అడుగు ఆయన, ఒక అడుగు ఈయన, మగ్గం దగ్గర నాడె అందుకున్నట్లే, ఒకరి చెయ్యి ఆగిన చోట ఒకరి చెయ్యి మొదలైంది. బావ మెడ పట్టాడు, ఈయన రెక్కలు నొక్కాడు. జమాదారు దొరికిపోయాడు.

శాంతయ్య బండ మీద నుంచి చప్పట్లు కొట్టాడు.

"భలే పట్టిండ్రు! అన్నదమ్ములంటె గిట్లుండాలె! ఇనుండ్రి, మా బిడ్డ పెండ్లి ఫాల్గుణంల పెట్టుకున్నం. చీర మీ ఇద్దరి చేతుల మీదనే కావాలె. ఇంకొకలకు ఇయ్య."

మా వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. బాతును చూశారు. వేరుపడ్డామని ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు, సిగ్గేసింది కాబోలు. బాతు గట్టిగా గింజుకుంటోంది. శాంతయ్య దిగడానికి సాహసించక, చీర రంగు, అంచు, కొంగు మీద బుటాలు అన్నీ ఆ బండ మీద నుంచే చెప్పాడు. ఇద్దరూ తలూపారు. ఆయన పోయేదాకా ఇద్దరూ బాతును పట్టుకునే నిలబడ్డారు. తర్వాత వదలడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు. అక్క వచ్చి మీద గంప బోర్లించింది.

పుష్య శుద్ధ దశమి

పెద్ద మగ్గం మీది దుప్పటి తీశారు. మా ఆయన గుంటలో దిగేముందు, "జమాదారును పట్టుకరా" అన్నాడు.

"మగ్గం కాడ బాతెందుకయ్యా?"

"పనుంది."

తెచ్చి మగ్గం గుంజకు కట్టాను. బావ కుడి పక్క, ఈయన ఎడమ పక్క. కాసేపటికి బావ, "జమాదారూ, ఎడమ దిక్కు చేతికి జర తొందరెక్కువైంది" అన్నాడు. మా ఆయన, "జమాదారూ, కుడి దిక్కు ముసలితనమొచ్చి కదుల్తలేదు" అన్నాడు. జమాదారు ఇద్దరి మీదా బుసకొట్టింది. న్యాయంగానే ఉంది.

పుష్య బహుళ విదియ

వీధిలో వాళ్ళు కిటికీ దగ్గర చేరి చూస్తున్నారు. చూడడానికేముంది? నేత నేస్తున్నారు. బాతుతో మాట్లాడుతున్నారు.

పుష్య బహుళ ఏకాదశి

బావ ఇవాళ బాతుకు చెప్పాడు: "జమాదారూ, మన ఇంట్లకు పసిగుడ్డు వస్తుందట గద." మన ఇల్లు అన్నాడు. మా ఆయన నాడె అందుకుని ఇటు నుంచి విసిరాడు. తర్వాత, "అవును జమాదారూ, శ్రావణంల" అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇద్దరిదీ ఒక్క పోగు తెగలేదు.

మాఘ శుద్ధ షష్ఠి

చీర సగం దాటింది. ఎడమ అంచు చూశాను. తాడు పట్టి గీసినట్లుంది.

మాఘ శుద్ధ నవమి

ఖాజా మియా భార్య సకీనాబీ తోడు మజ్జిగ కోసం వచ్చింది. ఆమె వెంట వాళ్ళ గోధుమ రంగు నీటిబాతు కూడా నడిచి వచ్చింది. తర్వాత చూస్తే గుంజకు తాడే మిగిలింది. జమాదారు దాన్ని కొరికేసి పోయింది.

వీధంతా వెతికాం. బావ ఆ కొసకు, ఈయన ఈ కొసకు. "జమాదారూ!" అని ఇద్దరూ పిలుస్తుంటే, పోలీసు జమాదారు కోసమనుకుని ఊరివాళ్ళు తలుపులు వేసుకున్నారు. దొరకలేదు.

మాఘ శుద్ధ దశమి

పొద్దున అన్నదమ్ములు మగ్గం గుంటలో దిగారు. ఇద్దరూ ఖాళీ గుంజ వైపు చూశారు. నేత మొదలైంది. మాటల్లేవు. నేను తలుపు ఇటువైపు, అక్క అటువైపు నిలబడ్డాం. మా ఇద్దరికీ మాటల్లేవు.

ఎడమ దిక్కు పోగు తెగింది. నాకు కనిపించింది, అక్కకు కనిపించింది. మా ఆయన చెయ్యి ఆగిపోయింది. బావ చెయ్యి కూడా ఆగిపోయింది. బావ గుంజ వైపు చూసి నోరు తెరిచాడు, మూశాడు. మా ఆయన తెగిన పోగును చూస్తూ కూర్చున్నాడు. ముడి వేయడు. ఏం చేయాలో నాకే తోచలేదు, బయటికి పోయి ఏదో ఒక కోడినన్నా పట్టుకొద్దామా అనుకున్నాను.

ఉన్నట్టుండి బావ అరిచాడు. "కురుమా! కండ్లు మూసుకున్నవా? పోగు తెగి ఎంతసేపాయె!"

"కనపడ్తుందే అన్నా! నాకు కండ్లు లేవా?"

"కనపడితె ముడెయ్యవేంది మరి?"

"నువ్వు చెప్తవేమోనని చూస్తున్న!"

బావ భుజం మీది తువ్వాలు తీశాడు. మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఎక్కడ దాచుకున్నారో గాని మాటలు తెరుచుకున్నాయి. వంకర అంచు, నూలువాడి ముందు అన్న మాట, నల్లపెట్ట, చిన్నప్పుడు ఎవరి గాలిపటం ఎవరు చింపారో, అన్నీ గొంతెత్తి తిట్టుకున్నారు. కిటికీ దగ్గర జనం చేరారు. ఆ తిట్లలోనే మా ఆయన ముడి వేశాడు, ఆ తిట్లలోనే బావ నాడె విసిరాడు.

అక్క నా వైపు తిరిగింది. నా వైపే.

"గీళ్ళ కంటె బాతే మెల్లగ మాట్లాడ్తుండె గదనే రాధమ్మా."

"అవునక్కా" అన్నాను.

మాఘ శుద్ధ ఏకాదశి

సకీనాబీ పరుగెత్తుకొచ్చింది. "మీ జమాదార్ మా ఇంట్ల జమాయించిండు! మా బాతు ఎంబడి వచ్చి, దాని పక్కనే కూసున్నడు. మా ఆయన గూడు చూద్దామని పోయి గడ్డివాము ఎక్కిండు, దిగుతలేడు!"

నలుగురం పోయాం. ఖాజా మియా గడ్డివాము మీద నుంచి, "దోనోంకో తీస్కపోండ్రి! ఆడబాతును కూడ ఊకెనే ఇస్త, తీస్కపోండ్రి!" అని మొక్కాడు. బావ మెడ పట్టాడు, మా ఆయన రెక్కలు నొక్కాడు. సంకలో పెట్టుకున్నది మాత్రం అక్క. గోధుమ బాతు మా వెనకే నడిచి వచ్చింది.

మాఘ బహుళ తదియ

కంపను పొయ్యిలోకి వాడేస్తున్నాం. వెంకటన్నను ఎవరూ పిలవలేదు.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

చీర మగ్గం మీద నుంచి కోశారు. శాంతయ్య వచ్చాడు గాని లోపలికి రానన్నాడు. వీధిలో నిలబడే విప్పి చూశాడు. ఎడమ అంచు, కుడి అంచు పక్కపక్కన పెట్టి వేలితో తడిమి, "ఏది ఎవరిదో తెలుస్తలేదు" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి, "ఎడమది నాది", "కుడిది నాది" అన్నారు. మళ్ళీ గొడవ మొదలైంది. నేను, అక్క లోపలికి వచ్చేశాం.

పెరట్లో అక్క జొన్నలు వేస్తోంది. జమాదారు, గోధుమ బాతు ఆమె కాళ్ళ దగ్గర ఉన్నాయి. నేను బండ మీద కూర్చుని ఉండగా, నా కడుపులో మొదటిసారి కదిలింది. చేపపిల్ల తోక ఆడించినట్లు. మళ్ళీ ఒకసారి.

జమాదారు వచ్చి నా ముందు నిలబడి, చెప్పమన్నట్లు మెడ ఎత్తింది. నేను దాన్ని దాటిపోయి అక్క చెయ్యి పట్టుకుని నా కడుపు మీద పెట్టుకున్నాను.

"కదిలిందక్కా" అన్నాను.

అక్క రెండో చేతిలోని జొన్నలన్నీ కింద పోయాయి. చెయ్యి మాత్రం తీయలేదు. కోళ్ళన్నీ మా పాదాల మీదికి ఎక్కి తింటున్నాయి.

తనతో చెప్పలేదని జమాదారుకు కోపం వచ్చినట్లుంది. వెనక నుంచి వచ్చి, ఇన్నాళ్ళూ ముట్టని నన్ను, సరిగ్గా కూర్చునే చోటే కరిచింది. అక్క పసుపు రాసింది, రాస్తున్నంతసేపూ నవ్వింది.

ఇదంతా నిలబడే రాస్తున్నాను.